గిన్నె తెస్తేనే గరిటె

"గిన్నె ఏదమ్మా?" అని అడిగింది మస్తాన్బీ.

గరిటె కోసం వచ్చినామె తెల్లబోయింది. "గిన్నె ఎందుకు? నాకు కావాల్సింది గరిటె కదా!"

"దేంట్లో తిప్పుతావో చూడకుండా గరిటె ఎట్ట చెక్కేది? పాయసం గిన్నెలో బిర్యానీ గరిటె పెడితే గిన్నే బోర్లా పడతాది. పో, గిన్నె తీసుకొని రా."

ఉదయగిరిలో చెక్క గరిటెలు చెక్కే ఇళ్లు చాలానే ఉన్నాయి. ఇంటికొచ్చిన గిరాకీని వెనక్కి పంపే ఇల్లు మాత్రం ఇదొక్కటే. అలా వెళ్లినవాళ్లు గిన్నె పట్టుకుని మళ్లీ రావడమే వింత.

వసారాలో చెక్కపొట్టు మధ్య కూర్చున్న ముబషిరా తన దాదీ, అంటే నాన్నమ్మ, అన్న మాట వినలేదు. పుట్టినప్పటి నుంచీ రోజూ వినే మాట. గోడగడియారం చప్పుడులాగా అది ఆమె చెవికి ఎక్కడం ఎప్పుడో మానేసింది. పైగా ఆమె ఫోన్‌లో ప్రాసెసర్ల వీడియో చూస్తోంది.

ముబషిరా ఏడో తరగతి. ఆమె అన్న సమీవుల్లా డిగ్రీ చదువుతున్నాడు. పండక్కొక ముక్క చొప్పున అతను గేమింగ్ కంప్యూటర్ సమకూర్చుకుంటున్నాడు. ఒక రంజాన్‌కి క్యాబినెట్ వచ్చింది. బక్రీద్‌కి ర్యామ్ వచ్చింది. మదర్‌బోర్డు, అంటే అన్ని భాగాలూ అమరే పలక, నెల్లూరు స్నేహితుడి దగ్గర దొరికింది. ఇక మిగిలింది ప్రాసెసర్. కంప్యూటర్‌కి బుర్ర అదే.

ఆ బుర్రను ఏరే పని అతను చెల్లెలికి అప్పగించాడు.

"శనివారం నాకు పరీక్ష ఉండాది. అబ్బా గరిటెలు ఇచ్చేదానికి ఆత్మకూరు పోతాడు. నువ్వు కూడా పొయ్యి ప్రాసెసర్ పట్టుకొని రా. నాకన్నా నువ్వే ఎక్కువ వీడియోలు చూసినావు."

ఆ వారమంతా ముబషిరా కాళ్లు నేలకు ఆనలేదు. బడిలో స్నేహితురాలు హర్షితకు ఈ సంగతి నాలుగుసార్లు చెప్పింది. ఐదోసారి మొదలుపెట్టేసరికి మిగతాది హర్షితే చెప్పేసింది.

ఇవాళే ఆ శనివారం. "బస్సుకి టైమైంది, బేటీ!" వీధిలోంచి తండ్రి ముజఫర్ కేక వేశాడు. ముబషిరా ఫోన్ దాదీ ఒడిలో పడేసి పరుగెత్తింది.

ఆత్మకూరులో గరిటెల మూట అప్పగించాక, ఇద్దరూ బాలసుబ్రహ్మణ్యం కంప్యూటర్ కొట్టుకు వెళ్లారు.

"ఏం కావాలి సాయిబూ?" అన్నాడాయన.

"నాకు చెక్క తెలుసు గానీ ఇవి తెలీవండీ. మా పాపనడగండి," అన్నాడు ముజఫర్. గర్వం గడ్డంలో దాగలేదు.

"ప్రాసెసర్ అంకుల్. మా అన్న గేమింగ్‌కి," అంది ముబషిరా.

"మీ మదర్‌బోర్డు ఏదమ్మా?"

ముబషిరా నోరు తెరిచింది. బోర్డు నల్లగా ఉంటుందని తప్ప ఇంకేమీ గుర్తు రాలేదు. ఫోన్‌లో వంద ప్రాసెసర్లను చూసింది కానీ, ఇంట్లో బీరువా మీదున్న బోర్డును ఒక్కసారి కూడా పెట్టెలోంచి తీసి చూడలేదు.

తెలీదు అనొచ్చు. మూడే అక్షరాలు. కానీ పక్కన అబ్బా ఉన్నాడు. కౌంటర్ దగ్గర ఇంకో ఇద్దరు గిరాకీలు కూడా ఉన్నారు.

"కొత్తదే అంకుల్. అన్నీ పడతాయి."

"మీ అన్నకి ఒకసారి ఫోన్ చేసి కనుక్కుందామా?"

"పరీక్షలో ఉండాడు. నాకు తెలుసు."

ఆయన అరలోంచి పెట్టెలు దించి, "సరేమ్మా," అన్నాడు. ముబషిరా అన్నిటికంటే కొత్తదీ, పెట్టె మీద పెద్ద అంకె ఉన్నదీ చూపించింది. అన్న ఇచ్చిన డబ్బంతా దానికే సరిపోయింది.

తిరుగు బస్సులో పెట్టె ఆమె ఒడిలో ఉంది.

"మా పాపే ఏరింది. కంప్యూటర్ బుర్ర," అన్నాడు ముజఫర్ కండక్టర్‌తో.

"మావాడికీ ఒకటి ఏరిపెట్టమ్మా," అన్నాడు కండక్టర్. "పదో తరగతి తప్పేటట్టుండాడు."

సాయంత్రం సమీవుల్లా చాప పరిచి భాగాలన్నీ వరసగా పెట్టాడు. సీలు తీశాడు. ప్రాసెసర్‌ను రెండు వేళ్లతో పట్టుకుని వెనక్కి తిప్పాడు. అతని నవ్వు ఆగిపోయింది.

"దీనికి కాళ్లు లేవే!"

బోర్డు మధ్యలో జల్లెడలాగా సన్నటి రంధ్రాలున్నాయి. వాటిలో దిగాలంటే ప్రాసెసర్‌కు సూదుల్లాంటి కాళ్లుండాలి. ముబషిరా తెచ్చింది మాత్రం నున్నగా, అరచేతిలో బిస్కెట్టులాగా ఉంది.

"ఇది వేరే బోర్డుది. మన దాంట్లో పట్టదు," అన్నాడు సమీవుల్లా. అతని మొహం ఎర్రబడింది. "చిన్నపిల్లని చూసి అంటగట్టినాడు! అబ్బా, ఆ కొట్టాయన నంబరియ్యి. నేను మాట్లాడతా."

ముజఫర్ అప్పటికే ఫోన్ తీశాడు. "నా బిడ్డని మోసం చేస్తాడా? ఇన్నేళ్లుగా ఆత్మకూరు పోతుండా నేను!"

ముబషిరా అబ్బా చేతిలోని ఫోన్ వంక చూసింది. ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు, తప్పు ఆయన మీదికి పోతుంది. ఎవరికీ ఎప్పటికీ తెలీదు.

మూలన గరిటెకు నునుపు పెడుతున్న మస్తాన్బీ తల ఎత్తకుండానే అంది, "ఏ గిన్నెలోకి అని ఆయన అడగలేదా?"

పన్నెండేళ్లలో మొదటిసారి ఆ మాట ముబషిరా చెవిలో పడింది.

"అడిగినాడు దాదీ," అంది. "ఫోన్ చేసి కనుక్కుందామా అని కూడా అన్నాడు. నాకు తెలీదని చెప్పేదానికి సిగ్గేసింది. కొత్త బోర్డని చెప్పేసినా. ఆయన తప్పేం లేదు భయ్యా."

ముజఫర్ ఫోన్ కింద పెట్టాడు. సమీవుల్లా ప్రాసెసర్‌ను జాగ్రత్తగా పెట్టెలో పెట్టి మూత వేశాడు.

"సీలు తీసినది వాపసు తీసుకోరు," అన్నాడు మెల్లగా. తిట్టలేదు. తిట్టి ఉంటేనే బాగుండేదనిపించింది ముబషిరాకు.

మస్తాన్బీ దగ్గరికి పిలిచి పక్కన కూర్చోబెట్టుకుంది. "నేను మొట్టమొదట చెక్కిన గరిటె ఏమైందో తెలుసా? గిన్నె చూడకుండా చెక్కినా. మూతిలోనే దూరలేదు. ఇంకా మన ఇంట్లోనే ఉండాది."

"ఏది దాదీ?"

"నువ్వు రోజూ వీపు గోక్కుంటావే, అదే."

సమీవుల్లాకు కోపంలోనూ నవ్వొచ్చింది.

ముబషిరా లేచి బోర్డును దాని కవర్లో పెట్టి, పైన అట్టపెట్టె వేసి, బడిసంచీలో సర్దింది. "రేపు పొద్దున మొదటి బస్సుకి పోదాం అబ్బా. నేనే మాట్లాడతా."

ఆదివారం పొద్దున బాలసుబ్రహ్మణ్యం షట్టర్ ఎత్తేసరికి మెట్ల మీద తండ్రీకూతుళ్లు కూర్చుని ఉన్నారు.

"నిన్న మీరు బోర్డు అడిగితే కొత్తదని చెప్పినాను కదా అంకుల్. అబద్ధం. నాకు తెలీదు. తప్పు నాదే," అంది ముబషిరా ఒకే ఊపిరిలో. ఆగితే మిగతాది రాదేమోనని భయం.

ఆయన వేలితో గోడ మీది అట్టను చూపించాడు. సీలు తీసిన సరుకు వాపసు తీసుకోబడదు అని ఎర్ర అక్షరాల్లో రాసి ఉంది.

"చదివినాను అంకుల్," అంది చిన్నగా.

బాలసుబ్రహ్మణ్యం ప్రాసెసర్‌ను దీపం కింద పెట్టి, భూతద్దంతో నాలుగు మూలలా చూశాడు. "బోర్డులో పెట్టి నొక్కినారా?"

"లేదు. కాళ్లు లేవని చూడంగానే భయ్యా మూత పెట్టేసినాడు."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇరవై ఏళ్లుగా కొట్టు నడుపుతుండాను సాయిబూ. తప్పు నాదే అంటూ లోపలికొచ్చిన గిరాకీని ఇప్పుడే చూస్తుండా. కలిగిరిలో ఒకాయనకి కంప్యూటర్ కట్టియ్యాల. సంగతి చెప్పి, ఆయన ఒప్పుకుంటే ఇది దాంట్లో పెడతా."

అక్కడే ఫోన్ చేశాడు. అవతలివైపు నుంచి ఏమొచ్చిందో గానీ, ఫోన్ పెట్టేసి ఆయన సరేనన్నట్టు తల ఊపాడు. ముబషిరా వెంటనే బడిసంచీ తెరిచి మదర్‌బోర్డు బల్ల మీద పెట్టింది.

"ఏందమ్మా ఇది?"

"గిన్నె, అంకుల్."

ఆయనకు అర్థం కాలేదు. ముజఫర్ మాత్రం పక్కకు తిరిగి నవ్వు ఆపుకున్నాడు.

బోర్డుకు సరిపోయే రెండు పెట్టెలు ఆయన ముందు పెట్టాడు. ఈసారి ముబషిరా అంకెలు చూడలేదు. కాగితం మీద రాసుకొచ్చింది చదివింది. "భయ్యా క్రికెట్టు, కార్ల రేసు ఆడతాడు. టీవీ లాంటి పెద్ద స్క్రీన్ లేదు, చిన్నదే. వీటికి ఏది చాలు?"

"వీటికైతే చిన్నదే చాలు. మిగిలిన డబ్బుకి ఇంకో ర్యామ్ వస్తాది."

"అయితే చిన్నదే ఇవ్వండి. పాయసం గిన్నెలో బిర్యానీ గరిటె ఎందుకు?"

ఆ సాయంత్రం ప్రాసెసర్ కాళ్లు రంధ్రాల్లో మెత్తగా దిగాయి. సమీవుల్లా స్విచ్ చెల్లెలి చేతే వేయించాడు. ఫ్యాన్ తిరిగింది. స్క్రీన్ వెలిగింది. మొదటి మ్యాచ్ ఆడిందీ ముబషిరానే. మొదటి బంతికే అవుటైందీ ఆమే.

"బుర్ర మంచిదే, భయ్యా. చేతులే బాగాలేవు," అంది.

ముజఫర్ ఎదురింటివాళ్లను పిలుచుకొచ్చి, "మా పాపే ఏరింది," అన్నాడు. ఈసారి ముబషిరా తల దించుకోవాల్సిన పని లేకపోయింది.

సోమవారం బడిలో మధ్యాహ్నం గంట కొట్టగానే హర్షిత పరుగున వచ్చింది. వాళ్ల నాన్నది పెద్ద కిరాణా కొట్టు.

"మా నాన్న కంప్యూటర్ కొంటాడంట. ఏ ప్రాసెసరో చెప్పవే. పెద్దదే చెప్పు, మాకేం తక్కువ?"

"గిన్నె ఏది?" అంది ముబషిరా.

"ఏంది?"

"మీ నాన్న దాంతో ఏం పని చేస్తాడు?"

"కొట్టు బిల్లులు కొడతాడేమో. దానికేది మంచిది?"

అప్పటికే చుట్టూ ఐదారుగురు మూగారు. అందరూ ముబషిరా నోటివంకే చూస్తున్నారు. ముబషిరా జడ వెనక్కి వేసుకుని, తల పైకెత్తింది.

"తెలీదు," అంది. "మీ నాన్నని సరిగ్గా అడిగి రా. నేనూ కనుక్కుంటా."

హర్షిత బుగ్గన వేలు పెట్టుకుంది. "అబ్బో! తెలీదని ఎట్ట చెప్తుందో చూడండే. దీనికేదో ఫస్ట్ ర్యాంకు వచ్చినట్టు!"