తొమ్మిదో గది ముందు దగ్గు

మా ఆసుపత్రి ఓపీ బ్లాకులో తొమ్మిదో గది వైపు చీకటి పడ్డాక ఎవరూ వెళ్ళరు. ఐదింటికి ఓపీ మూసేసి లైట్లు తీసేస్తారు. ఆ తర్వాత అక్కడ... ఎవరో దగ్గుతారు.

నాకీ సంగతి చెప్పింది వాచ్‌మన్. నెలలో రెండుసార్లు విన్నాడట.

"దగ్గుతుంది సార్. కాసేపాగి, 'ఎవరైనా ఉన్నారా?' అంటుంది. ఆడగొంతు."

"నువ్వేమన్నావు?"

"నేనెందుకంటాను సార్! పరిగెత్తాను."

పగలబడి నవ్వాను. చదువుకున్నవాణ్ణి కదా! పైగా నా పేరు వెలిగిపోతున్న రోజులవి. అపాయింట్‌మెంట్ తీసుకుని మర్చిపోయే రోగులకి ముందురోజే ఫోన్‌లో మెసేజ్ వెళ్ళే ఏర్పాటు చేసింది నేనే. అన్ని విభాగాలకీ జనం వస్తున్నారు. ఒక్క కంటి విభాగంలో పొద్దున్నే రావాల్సినవాళ్ళే రారు. "మెసేజ్ చూసి కూడా రాకపోతే మనమేం చేస్తాం?" అని మీటింగులో ఉపన్యాసం కూడా దంచాను.

ఆ గురువారం ఫైలు మర్చిపోయి వెనక్కొచ్చాను. ఏడు దాటింది. నా సీటు తొమ్మిదో గది అవతల.

సగం దూరం నడిచాను...

దగ్గు.

అటు తిరిగాను. బెంచీ చివర — తెల్లటి ఆకారం. మెల్లగా నాకేసి తిరిగింది. చూపు మాత్రం నా భుజం మీదుగా ఎటో ఉంది.

"వచ్చావా బాబూ..."

గట్టిగా "ఎవరది?" అందామనుకున్నాను. నోట్లోంచి వచ్చింది "అమ్మా!" అని. నలభై మూడేళ్ళ మనిషిని — చతికిలబడ్డాను.

ఆకారం తడుముకుంటూ వచ్చి నా చెయ్యి పట్టుకుంది. వెచ్చగా ఉంది.

"దెబ్బ తగిలిందా బాబూ?"

తెల్ల శాలువా కప్పుకున్న ముసలావిడ!

"ఇది మూడోసారి రావడం. పెద్ద గేటు మూసుంటే ఎమర్జెన్సీ తలుపులోంచి వస్తున్నా. గంటసేపు కూచున్నా ఒక్కరూ పిలవరు. రోజురోజుకీ మసక పెరిగిపోతోంది..."

ఫోన్ చూపించింది. నా మెసేజే. 'సాయంత్రం ఏడు గంటలకు తప్పక రండి.'

తొమ్మిదో గదిలో ఆ కంటి పరీక్ష ఉదయం ఏడింటికి. 'ఉదయం' అని పెట్టాల్సిన చోట 'సాయంత్రం' పెట్టిన మహానుభావుణ్ణి నేనే.

చెయ్యి పట్టుకుని డ్యూటీలో ఉన్న కంటి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ముసలావిడ కళ్ళు చూసి, "ఇంకో నెల ఆగితే చూపు పోయేది. రేపే ఆపరేషన్" అంది. నావైపు చూడలేదు. చూడకపోవడమే నయం.

సీటుకొచ్చి, 'రాలేదు' అని నేను ఎర్రగీత పెట్టిన పేర్లు తీశాను. ఏడింటివాళ్ళు ఇంకా పదిమంది. మూసిన గేటు చూసి వెనక్కెళ్ళి ఉంటారు.

మొదటి నంబరు కలిపాను. ఎవరో పెద్దాయన ఎత్తాడు.

"ఆసుపత్రి నుంచండీ..."

ఆయన ఫోన్‌కి చెయ్యి అడ్డం పెట్టి, ఇంటావిడతో గుసగుసగా అన్నాడు —

"ఒసేయ్... అక్కడ మనుషులున్నారట!"