వానలో ఆరేసిన కవరు

"ఎవరండీ అది? ఆ గోడ మీద బట్టలు ఆరేసింది ఎవరు?"

కింద నుంచి వచ్చిన కేకకి, డాబా మీద కాళ్లు చాపుకుని మడమ మీది బొబ్బకి ప్లాస్టర్ అంటించుకుంటున్న అమ్మాయి ఉలిక్కిపడింది. అంతలోనే మెట్ల మీద దబదబా అడుగులు. చేతులనిండా ఇంజనాయిల్, మోకాళ్లదాకా మడిచిన ప్యాంటు, ముక్కు మీద కోపం. వాటి వెనకాల ఒక అబ్బాయి.

"ఇది మీదేనా?" అన్నాడు, పిట్టగోడ మూలన రెపరెపలాడుతున్న నారింజరంగు కవరు చూపించి.

"నాదే. బట్ట కాదు, బ్యాగు కవరు. వానలో బ్యాగు తడవకుండా తొడుగుతారు."

"ఏదైతే ఏం. తీసెయ్యండి. ఈ డాబా మీద రంగు బట్టలు ఆరెయ్యకూడదు."

"ఎందుకని?"

"ఎందుకంటే, ఆరెయ్యకూడదు."

"నన్ను ఇంటికి తీసుకొచ్చిన ఆంటీ చెప్పలేదే!"

"ఎవరా ఆంటీ?"

"మీ అమ్మగారు."

అతను కవరు మీంచి చూపు తిప్పుకున్నాడు. అప్పుడు కనిపించింది అతనికి, గోడకి ఆనించి ఉన్న బ్యాగు. ఆ పిల్లలో సగం ఎత్తుంది.

"ఇదంతా మీరే మోస్తారా? తాబేలు నయం, దానికి పుట్టుకతో అలవాటు."

"తాబేలు ఎవరి మీదా అరవదు కూడా," అని కవరు లాక్కుని, మడిచి, బ్యాగులో కుక్కింది. అతను దిగిపోయాక చూస్తే డాబా మధ్యలో, వెదురుగడకి అడ్డకర్ర కట్టి, వెలిసిపోయిన ఎర్ర దుప్పటి ఒకటి బారుగా వేలాడుతోంది. 'ఓహో! నాది ఆరేస్తే తప్పు, వీళ్లది నెలల తరబడి వేలాడినా ఒప్పు!' అనుకుంది.

ఆ పిల్ల పట్నంలో ఒక పళ్ల డాక్టరు దగ్గర ముందు గదిలో కూర్చుని, వచ్చినవాళ్ల పేర్లు పిలిచే ఉద్యోగం చేస్తుంది. ఏడాదంతా లోపలి మిషను చప్పుడు విని విని చెవులు చిల్లులు పడి, దాచుకున్న సెలవులన్నీ ఒక్కసారే తీసుకుని, బ్యాగు వీపున వేసుకుని సముద్రం ఒడ్డు వెంబడి నడక మొదలెట్టింది. ఒంటరిగా. ఆడపిల్ల ఇలా వెళ్లిందంటే వినేవాళ్లకే గుండె దడ, ఇక కన్నతల్లి సంగతి చెప్పాలా? రోజూ పొద్దు వాలేసరికి ఫోను మోగేది.

"ఎవరింట్లో ఉన్నావే? తలుపుకి గడియ ఉందా? లోపల వైపు ఉందా, బయట వైపా?"

"రెండు వైపులా ఉందమ్మా. నువ్వు పెట్టుకున్న బెంగకి గడియ లేదు, అదే చిక్కు."

"నవ్వు, నవ్వు. నీకూ ఒకరోజు తెలుస్తుందిలే, ఎదురుచూడటమంటే ఏంటో."

అలా నడుస్తూ నడుస్తూ ఈ చిన్న రేవు దాకా వచ్చేసరికి మడమ చిట్లింది. బస్సు షెడ్డులో కూర్చుని బూటు విప్పుకుంటుంటే, మంచుగడ్డల తట్ట నెత్తిన పెట్టుకుని పోతున్న ఒకావిడ ఆగింది. "ఆ కాలేంటమ్మా అలా అయింది? లే, మా ఇల్లు ఆ కనిపించేదే," అంది. అంతే. అడ్రసు అడగలేదు, కులం అడగలేదు, తట్టలోంచి ఇంత ఐసుముక్క తీసి మడమ మీద పెట్టి చెయ్యి పట్టుకుని నడిపించుకుపోయింది.

ఆ పూట అన్నాలు తినేటప్పుడు ఆవిడ కొడుకు తలొంచుకుని తింటున్నాడు.

"నీళ్లు కావాలాంటీ," అంది అమ్మాయి.

"ఆంటీ ఏంటమ్మా, అద్దె ఇంటి ఓనరుని పిలిచినట్టు! చక్కగా పిన్నీ అను."

అతనికి పొలమారింది. దగ్గి దగ్గి, కళ్లనీళ్లు తుడుచుకుని, "పిన్నీ వద్దమ్మా. ఆంటీయే బావుంది," అన్నాడు.

"ఏరా, నీకొచ్చిన నష్టమేంటి?"

"నష్టమేం లేదు. ఊరికే అన్నా."

పిన్ని కొడుకైతే అన్నో తమ్ముడో అవుతాడన్న లెక్క ముగ్గురికీ ఒకేసారి తట్టింది. అమ్మాయి తల దించుకుని మెతుకులు వెతుక్కుంది. ఆవిడ మాత్రం కొడుకుని ఎగాదిగా చూసి, "ఓహో," అని ఇంకో గరిటె కూర వడ్డించింది.

మర్నాడు పొద్దున్నే అతను మోటారు బోటు తీశాడు. ఎదురుగా ఉన్న లంక మీద నుయ్యి చుట్టూ గోడ కడుతున్నారు. ఇద్దరు తాపీ మేస్త్రీల్ని దింపి, పని అయ్యాక మళ్లీ తీసుకురావాలి.

వెళుతూ గుమ్మంలో ఆగాడు. "తాబేలుగారూ, సాయంత్రానికి ఉంటారా, పోతారా?"

"మడమనడిగి చెబుతాను."

"ఉండమన్నానని చెప్పండి దానికి," అని, తను అన్నది తనకే వినపడినట్టుంది, వెనక్కి చూడకుండా గబగబా పోయాడు.

మధ్యాహ్నం ఆవిడ పిండి పట్టించడానికి మిల్లుకి వెళ్లింది. "మిల్లు దగ్గర జనం ఉంటారు, ఆలస్యమైతే తినేసెయ్, నాకోసం కూర్చోకు," అని మరీ మరీ చెప్పింది. అప్పటిదాకా కళ్లు చికిలించాల్సినంత ఎండ. ఉన్నట్టుండి సముద్రం మీద ఆకాశం మసిగుడ్డలా అయిపోయింది. గాలి తిరిగింది. తలుపులు వాటంతటవే కొట్టుకున్నాయి.

ఊరికే కూర్చుని తిండి తినడం ఆ పిల్లకి ముల్లులా గుచ్చుకుంటోంది. డబ్బు తీసుకోరు, గిన్నె కడగనివ్వరు. ఇదిగో, ఇప్పుడు దొరికింది పని! కుంటుకుంటూ డాబా ఎక్కింది. గడకి ఉన్న ఎర్ర దుప్పటి ముడులు ఉప్పుకి బిగుసుకుపోయి ఊడిరాలేదు. బ్యాగులోంచి చిన్న కత్తెర తెచ్చి తాళ్లు కత్తిరించింది. దుప్పటి నిండా ఉప్పూ దుమ్మూ. కిందకి తెచ్చి, సబ్బు కలిపి, బకెట్లో నానబెట్టింది. 'రంగు బట్టలు ఆరెయ్యకూడదన్నారుగా కెప్టెనుగారూ, మీదీ తీసేశాను, చూసుకోండి,' అని నవ్వుకుంది కూడా.

వాన మొదలైంది. కాసేపటికి పిండి డబ్బా పైటకింద పెట్టుకుని ఆవిడ పరుగున వచ్చింది. వాకిట్లో ఆగి, ముఖం తుడుచుకోవడానికి ముందే తలెత్తి డాబా వంక చూసింది.

"దుప్పటేదీ?"

"తడుస్తుందని తీసేశానాంటీ. మురికిగా ఉంటే నానబెట్టాను కూడా."

పిండి డబ్బా ఆవిడ చేతిలోంచి జారింది. తెల్లగా వాకిలంతా.

"అయ్యో తల్లీ... అది ఆరేసిన దుప్పటి కాదు. అది చూసే బోటు లోపలికొస్తుంది."

ఆవిడ అమ్మాయి చెయ్యి పట్టుకుని బయటికి లాగి చూపించింది. రేవుకి ముందు నీళ్లకింద రాళ్లు. మధ్యలో బోటు పట్టేంత సందు, అంతే. నీళ్లు పొంగితే రాళ్లు కనిపించవు. అందుకని ఎర్ర దుప్పటి, దాని వెనకాల వీధి చివరి తెల్ల నీళ్లట్యాంకు, రెండూ ఒకదాని మీద ఒకటి పడేలా చూసుకుంటూ తిన్నగా రావాలి. ఏ పక్కకి తప్పినా రాళ్లే.

"మా ఆయన మొదటి బోటు అక్కడే ముక్కలైంది. ఈదుకొచ్చారు గనక సరిపోయింది. ఆ రోజు కట్టారమ్మా ఆ గడ. ఆయన పోయినా నేను దించలేదు. నా బుద్ధి గడ్డి తిన్నట్టుంది, నీకు చెప్పాలని తోచలేదు..."

అమ్మాయి బకెట్లోంచి దుప్పటి లాగింది. దాంతో డాబా మెట్లెక్కేసింది. మడమ గుర్తులేదు. పైన చుట్టబోతే, తడిసి బరువెక్కిన బట్ట గడకి అతుక్కుని ఎర్ర తాడులా అయిపోతోంది. కట్టడానికి తాళ్లు లేవు. తనే కత్తిరించింది. అయినా ఈ వానలో ఆ వెలిసిన ఎరుపు పక్కింటికైనా కనపడదు.

ఫోను చేస్తే? "నీళ్లమీద మోగదమ్మా," అంది ఆవిడ మెట్ల దగ్గర నుంచి.

"ఆంటీ, తట్ట! ఐసు తట్ట ఇవ్వండి!"

ఆవిడ తట్ట తీసుకుని పైకొచ్చింది. అమ్మాయి కిందికి పరుగెత్తి బ్యాగులోంచి కవరు లాక్కొచ్చింది. చుట్టూ ఎలాస్టిక్ ఉన్న కవరు. తట్ట అంచు మీద తొడిగితే తప్పెట మీద తోలులా బిగిసింది. ముడత లేదు, రెపరెప లేదు. నారింజపండు కోసి నిలబెట్టినట్టు. దాన్ని నెత్తికి పైన ఎత్తి, వీపు గడకి ఆనించి నిలబడింది.

"గడ దగ్గరే ఉన్నానా? జరిగానా?"

"అక్కడే, అక్కడే ఉండు. కదలకు తల్లీ."

వాన కళ్లలో కొడుతోంది. చేతులు లాగేస్తున్నాయి. ఆవిడ ఆ పిల్ల నడుం పట్టుకుని గాలికి ఒరిగిపోకుండా నిలబెట్టింది. ఇద్దరూ సముద్రం వంకే చూస్తున్నారు. ఎదురుచూడటమంటే ఏంటో తెలుస్తుందిలే అన్న అమ్మ మాట అప్పుడు గుర్తొచ్చింది ఆ పిల్లకి. ఇలా ఉంటుందని అమ్మ ఎప్పుడూ చెప్పలేదు. గడియ సంగతి మాత్రమే అడిగేది.

"అదిగో!"

తెరలు తెరలుగా పడే వానలోంచి ఒక నల్లటి చుక్క. బోటే. ఎడమ పక్కకి తేలుతోంది. ఆగింది. మళ్లీ కాస్త ముందుకి, మళ్లీ వెనక్కి. వెతుక్కుంటోంది.

"ఎందుకాగాడు? కనపడలేదా?" అంది అమ్మాయి.

ఆవిడ పట్టుకున్న నడుం ఇంకా గట్టిగా పట్టుకుంది.

పెద్ద కెరటం లేచింది. బోటు కనపడలేదు. తట్ట పట్టుకున్న చేతులు మాత్రం దిగలేదు. కెరటం విరిగింది. బోటు ముక్కు తిరిగి ఉంది, సూటిగా, తమ వైపుకే. ఇక అటూ ఇటూ చూడలేదు. తాడు కట్టి లాగినట్టు సందులోంచి లోపలికొచ్చేసింది.

ఆవిడ డాబా మీద చతికిలపడి, పైట నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అమ్మాయి మాత్రం తట్ట దించడం మర్చిపోయింది.

అతను మేస్త్రీల్ని దింపి, తడిసి ముద్దయి మెట్లెక్కి వచ్చేసరికి ఇంకా అలాగే నిలబడి ఉంది.

"ఇక దించొచ్చు," అన్నాడు మెల్లిగా.

"దుప్పటి నేనే తీశాను. తాళ్లు కూడా నేనే కత్తిరించాను. తిట్టండి. నిన్నటిలా గట్టిగా తిట్టండి."

"నిన్న తిట్టకుండా ఎందుకో చెప్పి ఉంటే ఇవాళ మీరు తీసేవారా? కారణం చెప్పడానికి అహం అడ్డొచ్చింది. తప్పు నాది కూడా." అతను తట్ట అందుకున్నాడు. ఆ చేతులు దిగలేక దిగాయి.

"అక్కడెందుకు ఆగిపోయారు? మా ప్రాణాలు పోయాయి."

"ఎర్ర దుప్పటి లేదు. ఈ రంగు కనిపించింది. తాబేలు మళ్లీ గోడ మూలన ఆరేసిందేమో అనుకున్నా. మూలనుంటే దాన్ని నమ్మి వస్తే నేరుగా రాళ్ల మీదకే."

"మరి ఎలా నమ్మారు?"

అతను ముఖం మీది నీళ్లు తుడుచుకున్నాడు. "వానలో ఎవరూ బట్టలు ఆరెయ్యరు కదా. వానలో ఆరేశారంటే నా కోసమే అనిపించింది. నిజమేనా?"

"బోటులో మేస్త్రీలు కూడా ఉన్నారుగా."

"వాళ్ల వాటా తీసేస్తే?"

ఆ పిల్ల నవ్వబోయి ఏడ్చేసింది. "తీసేస్తే అంతా మీకే," అంది.

"ఈ రంగు నిన్నే నాకు నచ్చింది. తియ్యమన్నాను గానీ, రాత్రంతా ఈ రంగే కళ్లముందు," అన్నాడు అతను.

"ఒరేయ్, ఒళ్లు తుడుచుకున్నాక చెప్పుకోవచ్చు ఆ రంగుల సంగతి. ఇద్దరూ కిందకి రండి, జలుబు చేస్తుంది," అంది ఆవిడ, ముక్కు చీదుకుంటూ.

మడమ మానింది. ఇంకా నడవాల్సిన తీరం ఉంది, సెలవులూ మిగిలున్నాయి. వెళ్లే రోజు బ్యాగు వీపున ఎత్తుకుంది. కవరు మాత్రం డాబా మీద, తట్టకి తొడిగి, గడకి కొత్త తాళ్లతో గట్టిగా కట్టి ఉంది.

"దారిలో వానొస్తే?" అన్నాడు అతను.

"తడుస్తాను. తడిస్తే ఆరేసుకోవడానికి మీ డాబా ఉందిగా."

"రంగు బట్టలు..."

"ఆరేస్తాను!"

ఆవిడ దారికి మూట కట్టి ఇచ్చి, తల నిమిరి, "ఎక్కడున్నా పొద్దు వాలేసరికి ఫోను చెయ్యి. నాకూ, మీ అమ్మకీ," అంది. "ఇంతకీ ఇంకా ఆంటీయేనా నేను?"

ఆ పిల్ల నవ్వి ఊరుకుంది.

ఒడ్డు వెంబడి మలుపు దాకా నడిచాక ఆగింది. ఇన్నాళ్లూ అమ్మే చేసేది. ఈసారి ఫోను తనే చేసింది, పొద్దు వాలకముందే.

"ఏమైందే? ఒంట్లో బాగానే ఉందా?" అమ్మ గొంతులో కంగారు.

"బాగానే ఉందమ్మా. నీకు బెంగగా ఉంటుందని చేశాను."

అవతల అమ్మ కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడు.

"అమ్మా, ఈ సెలవులయ్యాక నిన్నొక ఇంటికి తీసుకెళతాను. సముద్రం ఒడ్డునే. తలుపుకి గడియ కూడా ఉంది."

"ఎవరింటికే?"

ఆ పిల్ల వెనక్కి తిరిగి చూసింది. దూరంగా డాబా మీద నారింజరంగు వెలుగుతోంది.

"అత్తయ్య వాళ్లింటికి."

"అత్తయ్యా? నాకు తెలియకుండా నీకు అత్తయ్య ఎక్కణ్ణుంచి వచ్చిందే!"