ఒంటిచేత్తో తొడుక్కునే చొక్కా

"ఉద్యోగం మానేశావా!" అత్తగారి చేతిలోని గరిటె జారి గిన్నెలో పడింది.

"మానేశానత్తయ్యా! పొద్దస్తమానం ముక్కూమొహం తెలియనివాళ్ళు ఫోన్లో తిడుతుంటే, క్షమించమని బతిమాలడమే నా పని. ఇప్పుడు ఇంట్లో ఫోన్ మోగినా 'క్షమించండి' అంటూనే ఎత్తుతున్నాను... ఇక నావల్ల కాదు! చెయ్యీ కాలూ సరిగ్గా ఆడనివాళ్ళు సొంతంగా తొడుక్కునే బట్టలు కుడతాను."

"ఇంత చదువు చదివి కుట్టుపనా!"

"కుట్టనీ అమ్మా! నా చొక్కాలకీ మంచిరోజులొస్తాయి," అన్నాడు భర్త.

"నువ్వు ఊరుకో! కొత్త మోజులో ఆవిడేం చెప్పినా నీకు తియ్యగానే ఉంటుంది."

అంత గొడవలోనూ కొత్త కోడలికి నవ్వాగలేదు. పొద్దున్నే తన బల్లను పక్కకు జరిపి, వెలుతురొచ్చే కిటికీ దగ్గర ఆమె కుట్టుమిషనుకు చోటిచ్చింది ఆ మహానుభావుడే మరి! కానీ ఆమెకు ఆ ఆలోచన పుట్టించింది మామగారు. మెట్లమీద జారిపడ్డాక ఆయన కుడిచెయ్యి పైకి లేవదు. భార్య చొక్కా తొడుగుతుంటే చిన్నపిల్లాడిలా నిలబడి, మొహం గోడవైపు తిప్పుకునేవారు. బయటికి వెళ్ళడమే మానేశారు... ఆ మొహం చూసే కోడలికి ఈ చొక్కా తోచింది.

"సరే! ముందు మీ మామగారికి కుట్టు," అన్నారు అత్తగారు. "ఎవరి సాయం లేకుండా ఆయన తొడుక్కుంటే నేను మారుమాట్లాడను. లేదంటే మళ్ళీ ఉద్యోగం వెతుక్కోవాలి!"

"అలాగే అత్తయ్యా!"

మెడ నుంచి చేతి చివరిదాకా తెరుచుకునేలా, టిచ్ బటన్లతో మూసుకునేలా చొక్కా తయారైంది. మామగారు ఎంతో ఆశగా తీసుకున్నారు. తీరా చూస్తే... తెరుచుకున్నది ఎడమచెయ్యి!

"చూశావా!" అన్నారు అత్తగారు.

వెంటనే నాలిక్కరుచుకుంది కోడలు. "ఎదురుగా నిలబడి గుర్తుపెట్టాను మామయ్యా! నా కుడివైపే మీ కుడివైపనుకున్నాను!"

"మంచి చేతికి రాజభోగం కుట్టావు తల్లీ!" మామగారు పగలబడి నవ్వారు. ఆ నవ్వు విని ఎన్నాళ్ళయిందో! నవ్వు దాచుకోవడానికి అత్తగారు కూడా మొహం తిప్పుకోవాల్సి వచ్చింది.

కోడలు ఈసారి ఆయన వెనక నిలబడి సుద్దతో గుర్తుపెట్టింది. ఇంకో చొక్కా కుట్టింది. ఆయన దాన్ని తీసుకుని గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు.

"రమ్మంటారా?" ఉండబట్టలేక అడిగారు అత్తగారు.

"వద్దు!"

లోపల టిచ్... టిచ్... మని చప్పుడు. తలుపు తెరుచుకుంది. పెళ్ళికొడుకులా బయటికొచ్చారు మామగారు!

అత్తగారు తప్పు వెతుకుతున్నట్టు ఆయన భుజాన్ని తడిమారు. ఒక్క తప్పూ దొరకలేదు. కళ్ళు నిండిపోయాయి. "ఇక నాతో పనేముంటుంది మీకు..."

"పిచ్చిదానా! పార్కుకి ఒక్కణ్ణే వెళితే నాకేం తోస్తుంది? చెప్పులేసుకో!"

ఆవిడ కళ్ళు తుడుచుకుని కోడలి వైపు తిరిగారు.

"నువ్వు మిషను ముందునుంచి లేవకు. వంట మీ ఆయన చూసుకుంటాడు. ఆ పార్కులో చెయ్యి లేవనివాళ్ళు బోలెడుమంది! అందరూ చూసేదాకా ఈయన్ని తిప్పుతూనే ఉంటాను!"