ఎక్కకూడని విమానం

"కంగ్రాట్స్ నైన్! మీ ఆవిడతో కలిసి దక్షిణ అమెరికా వెళ్తున్నావు," అన్నాడు చీఫ్. "సముద్రం, కొండ మీదికి కేబుల్ కార్, రంగురంగుల ఇళ్ళ వీధులు. చిన్న ట్రిప్."

ఏజెంట్ నైన్ నవ్వలేదు. చీఫ్ సరదాగా మాట్లాడిన ప్రతిసారీ ఎవరికో ఒకరికి మూడినట్టే.

"భార్య వేషం ఎవరిది సర్?"

"వేషం కాదు, నిజంగా నీ భార్యే. మీ ట్రిప్ బుక్ చేసే ట్రావెల్ ఏజెన్సీ మేడమ్ డబుల్ ఏజెంట్. మన దగ్గర జీతం, శత్రువుల దగ్గర కమీషన్. క్షిపణి డిజైన్ల మైక్రోఫిల్మ్‌ని అమాయక టూరిస్టుల బ్యాగుల్లో పెట్టి దేశం దాటిస్తోంది. నీ మొహం ఆమె ఎరగదు కానీ, నటించేవాళ్ళని ఇట్టే పసిగడుతుంది. అందుకే నిజంగా సంబరపడే మనిషి కావాలి. బ్యాగ్ చేతికి రాగానే అరెస్ట్. ఆ క్షణమే మీ టికెట్లు క్యాన్సిల్. డిపార్ట్‌మెంట్‌కి అంత బడ్జెట్ లేదు."

"మా ఆవిడకి ఏం చెప్పను?"

"ఏమీ చెప్పకు."

భార్య దృష్టిలో నైన్ ఇన్సూరెన్స్ ఆఫీసర్. క్యాంపుల వంకతో దేశాలు చుట్టొచ్చిన ఆ మహానుభావుడు, కట్టుకున్నదాన్ని పక్క ఊరికైనా తీసుకెళ్ళిన పాపాన పోలేదు. ట్రిప్ మాట వినగానే ఆమె మొహం చేటంత అయింది. అతను మాత్రం తల తిప్పుకున్నాడు.

ఏజెన్సీలో మేడమ్ ఎర్రటి పెదాలతో, మత్తెక్కించే సెంటుతో ఎదురొచ్చింది. నైన్ భార్య అవేవీ చూడలేదు. మ్యాప్ మీదికి వంగింది.

"కేబుల్ కార్ సాయంత్రం పెట్టండి మేడమ్. దీపాలు వెలిగేటప్పుడు కొండ మీదుండాలి. పొద్దున పెడితే ఈయన లేవరు."

"మరి మీకేం చూడాలనుంది సార్?" మేడమ్ చూపు కత్తిలా తగిలింది.

"ఆమె చూస్తే చాలండీ."

ఆ మాట మాత్రం నిజం.

ఇంట్లో ఆమె కొత్త బూట్లు తొడుక్కుని హాల్లో అటూ ఇటూ తిరిగేది. "కొండ మీద కరిస్తే కష్టం కదండీ!" నైన్ పేపర్ వెనక దాక్కున్నాడు. చేస్తున్నది దేశం కోసమే. అయినా సొంత ఇంట్లో దొంగతనం చేస్తున్నట్టుంది.

ఎయిర్‌పోర్టుకి మేడమ్ స్వయంగా వచ్చి, లెదర్ బ్యాగ్ ఒకటి నైన్ భార్య చేతిలో పెట్టింది. "మా గిఫ్ట్."

నైన్ చేతి వాచీలో దాచిన డిటెక్టర్ సన్నగా వణికింది. ఫిల్మ్ బ్యాగ్‌లోనే ఉంది! అతను కళ్ళజోడు తీశాడు. అదే సిగ్నల్. పోర్టర్ల వేషంలో ఉన్న ఇద్దరు ఏజెంట్లు కదిలారు.

మేడమ్ కనిపెట్టేసింది. నవ్వుతూనే నైన్ భార్య భుజం చుట్టూ చెయ్యి వేసి, లిప్‌స్టిక్ ఆమె మెడ దగ్గరికి తెచ్చింది. దాని చివర సూది మెరిసింది. సైనైడ్! తనే తెచ్చి అప్పజెప్పాడు ఆమెని.

"మీ మేలు మర్చిపోలేనండీ!" ఏమీ తెలియని ఆ ఇల్లాలు గిరుక్కున తిరిగి మేడమ్‌ని గట్టిగా వాటేసుకుంది. లిప్‌స్టిక్ జారి కింద పడింది. నైన్ ఒక్క దూకు దూకి కాలితో నలిపేశాడు. పోర్టర్లు మేడమ్‌ని చెరో రెక్కా పట్టుకుని, బ్యాగ్‌తో సహా లాక్కెళ్ళారు.

"ఆవిడనెక్కడికి తీసుకెళ్తున్నారండీ?" అంది భార్య.

"శభాష్! టికెట్లు క్యాన్సిల్," అన్నాడు చీఫ్, నైన్ చెవిలోని ఇయర్‌పీస్‌లో.

నాలుక చివర అబద్ధం సిద్ధంగానే ఉంది. నైన్ దాన్ని మింగేసి, ట్రాలీ పక్కనే నిలబడి మొదటి నుంచీ అంతా చెప్పేశాడు.

"తప్పు చేశాను. నన్ను క్షమించు," అన్నాడు చివరికి.

"నా సంతోషం మీ ఆఫీసుకి బాగానే పనికొచ్చిందన్నమాట."

ఆమె ట్రాలీ తోసుకుంటూ టికెట్ కౌంటర్ వైపు నడిచింది. నైన్ పరుగున వెళ్ళి తన సొంత కార్డు ముందుకు చాపాడు. "అదే ఫ్లైట్‌కి రెండు టికెట్లు. పక్కపక్కనే."

"ఒకటే చాలమ్మా, కిటికీ పక్కది," అంది ఆమె కౌంటర్లోని అమ్మాయితో. "ఆ రెండోది ఇంకెవరికైనా అమ్ముకోండి."