పావుకిలో గసగసాలు

"ఇంకా స్పీడుగా పోనియ్‌రా!"

"ఖాలా... ఇది మోటారుసైకిలు. విమానం కాదు!"

చీకటి. గతుకుల రోడ్డు. ఎదురుగా గడ్డి ట్రాక్టరు... లైట్లు లేవు!

నౌషాద్ హ్యాండిల్ తిప్పేస్తాడు. వెనక కూర్చున్న పిన్ని జాన్‌బీ మోకాలు ట్రాక్టరు చక్రాన్ని రాసుకుంటుంది. బురఖా అంచు పర్రున చిరుగుతుంది.

ఆమె అరవదు. చూపు ముందుకే.

దూరంగా రెండు ఎర్ర దీపాలు.

లారీ!

ఆమె కూతురు సాదియా సంసారమంతా ఆ లారీలో ఉంది. పరుపులు, కుట్టుమిషను, గిన్నెలు... మొత్తం పదకొండు పెట్టెలు. నిన్న లిస్టు రాసి సీలు వేశారు. ఇవాళ సాయంత్రం రేపల్లెలో ఇంటిముందు ఎక్కించారు. బాపట్లలో ఇంకో ఇంటివాళ్ల సామాను కూడా వేసుకుని లారీ మద్రాసు పోతుంది. అక్కణ్ణుంచి ఓడ. దుబాయి. అల్లుడి ఉద్యోగం అక్కడే.

ఏడో నంబరు పెట్టెలో ప్రెషర్ కుక్కరు.

కుక్కర్లో పావుకిలో గసగసాలు!

జాన్‌బీయే పెట్టింది. లిస్టు రాయడం అయ్యాక, సీలు పడకముందు. ఎవరికీ చెప్పకుండా. గసగసాలు నూరి వెయ్యకపోతే ఆ పిల్ల వండే కూర నోట్లో పెట్టుకోలేం మరి!

గంట కిందట నౌషాద్ టీకి వచ్చాడు. అక్క కొడుకు. ఆరేళ్లు దుబాయిలో పైపులు బిగించి వచ్చినవాడు. మాటవరసకి అడిగాడు.

"గసగసాలు గానీ పెట్టలేదు కదా?"

"ఏం? పెడితే ఏంటి?"

"అక్కడ అవి మత్తుమందు కింద లెక్క ఖాలా. మా రూములో ఒకాయన నాలుగు చెంచాలకి జైలుకెళ్లాడు!"

ఆమె చేతిలో గ్లాసు జారి పడింది.

వెంటనే తెనాలికి ఫోను. సామాను పంపే ఏజెంటు బసవేశ్వరరావుకి.

"ఏడో పెట్టె ఒక్కసారి తెరవాలండి..."

"కుదరదమ్మా. లిస్టు మీద మీ అమ్మాయి సంతకం పెట్టింది. సీలు పడింది. తెరవాలంటే ఆ అమ్మాయే రావాలి. కొత్త లిస్టు రాసి మళ్లీ సంతకం పెట్టాలి."

"అది విమానంలో ఉందండీ!"

"అయితే ఇంక దుబాయి కస్టమ్స్ వాళ్లే తెరుస్తారు. ఆ అమ్మాయి ఎదురుగా."

ఆ అమ్మాయి ఎదురుగా!

"ఏంటమ్మా? లిస్టులో లేనిదేమన్నా పెట్టారా?" ఏజెంటు గొంతు మారింది. "సంతకం ఎవరిదో పూచీ వాళ్లదే. తర్వాత నన్ననొద్దు!"

జాన్‌బీ ఫోను పెట్టేసింది. వంటింట్లోకి వెళ్లింది. కత్తి తీసి నడుమున దోపింది.

ఇదిగో... ఇప్పుడు పిట్టలవానిపాలెం కూడా దాటేశారు.

ఎర్ర దీపాలు దగ్గరవుతున్నాయి... మళ్లీ దూరమవుతున్నాయి...

బాపట్ల ముందు రైల్వే గేటు ఉంది.

"గేటు పడాలి... యా అల్లా, గేటు పడాలి!"

బాపట్ల వచ్చినప్పుడల్లా ఆ గేటును తిట్టిన నోరే!

గేటు పడింది.

లారీ ఆగింది!

"ఖాలా, డ్రైవరుతో నేను మాట్లాడతా. నువ్వు మాత్రం..." నౌషాద్ వెనక్కి తిరుగుతాడు.

సీటు ఖాళీ.

జాన్‌బీ అప్పటికే లారీ వెనక వేలాడుతోంది. యాభై రెండేళ్లు. మోకాలి నుంచి నెత్తురు. తాడు కోస్తుంది. టార్పాలిన్ పైకెత్తుతుంది. లోపలికి దూకుతుంది.

సెల్‌ఫోను వెలుతురులో నంబర్లు. మూడు... పది... ఏడు!

సీలు కింద కత్తి దూరుస్తుంది.

టప్!

"ఎవరే అది!" డ్రైవరు సుందరయ్య. లుంగీ ఎగ్గట్టి ఎక్కేస్తున్నాడు. "ఆడదానివై లారీలు దోచుకుంటున్నావే!"

"నా కూతురి పెట్టే అన్నా! ఒక్క నిమిషం!"

"దొరికినోళ్లంతా అదే అంటారు. దిగు!"

చెయ్యి పట్టి లాగుతాడు. ఆమె విదిలించుకుంటుంది.

ఆ చేతిలోనే కత్తి ఉంది!

"అమ్మో!"

అతని అరచెయ్యి అడ్డంగా తెగింది. నెత్తురు చివ్వున ఆమె మొహం మీద పడుతుంది.

జాన్‌బీ మొహం తుడుచుకుంటుంది. కోడిని కోస్తుంటే కళ్లు మూసుకునే మనిషి!

అయినా ఆగదు. పెట్టె మూత లేపుతుంది. కుక్కరు తెరుస్తుంది.

ఖాళీ...

గిన్నెలన్నీ కుమ్మరిస్తుంది. లేదు. ఎక్కడా లేదు!

"పొట్లం ఏదీ? నువ్వు తీశావా?"

"నీ పొట్లం నాకెందుకే తల్లీ! నా చెయ్యి చూడు ముందు!"

విజిల్! టార్చిలైట్లు. గేటు దగ్గర గస్తీ పోలీసులు.

"కత్తి పడేసి దిగు!" ఎస్.ఐ. శివరామయ్య.

ఆమె పడేసింది. దిగింది.

"దారికాచి దోపిడీ. కత్తిపోటు. ఎన్నేళ్లు పడుద్దో తెలుసా?"

"ఎన్నేళ్లయినా సరేనండి."

జాన్‌బీ నవ్వుతోంది!

"దీనికి పిచ్చిగానీ పట్టిందా ఏంటి?"

"పెట్టెలో ఏం లేదండి సార్. వట్టి గిన్నెలే. మీరే చూడండి!"

ఎవరు తీశారో ఆమెకు అనవసరం. సముద్రం అవతల ఎవరు తెరిచినా సాదియాకి ముప్పు లేదు. ఇక తనకు ఏ జైలైతేనేం? ఇక్కడైతే తిట్టినా తెలుగులోనే తిడతారు.

సెల్‌ఫోను మోగుతుంది. కొత్త నంబరు.

"అమ్మీ! దిగాను! పక్క సీటు అక్క ఫోనులో చేస్తున్నా. ఆయన బయట నిలబడ్డాడంట."

"బిడ్డా... బాగున్నావా..."

"నాకు చెప్పకుండా కుక్కర్లో గసగసాలు దాస్తావా? దొంగ!" నవ్వు. "ఓడ వచ్చేసరికి నలభై రోజులంట. పురుగు పట్టదూ? అందుకే సీలు వెయ్యకముందే తీసి హ్యాండ్‌బ్యాగులో వేసుకున్నా. రేపే కోడికూర!"

"పారెయ్!" జాన్‌బీ గొంతు చించుకుంటుంది. "పారెయ్ సాదియా!"

అప్పుడే రైలొచ్చింది.

గూడ్సు. భూమి అదురుతోంది. పెట్టె వెనక పెట్టె... పెట్టె వెనక పెట్టె...

"పారెయ్!"

తన అరుపు తనకే వినిపించడం లేదు!

చివరి పెట్టె దాటింది. నిశ్శబ్దం.

ఫోనులో సాదియా. "ఏంటమ్మీ? ఏం వినపళ్లేదు. ఉండు, ఎవరో ఆఫీసరు పిలుస్తున్నాడు..."

దూరంగా, మర్యాదగా, హిందీలో ఓ మగ గొంతు.

"ఈ బ్యాగు మీదేనా?"

"జీ సార్. నాదే."