నిద్ర లేవగానే ఆన్ అయ్యే నలుగురు

"కళ్లు తెరవకండి టీచరుగారూ. మెలకువ వచ్చేసిందని నాకు తెలుస్తోంది. ఇంకొక్క నిమిషం అలాగే పడుకోండి."

త్రిపురసుందరి టీచరు కదలకుండా పడుకున్నారు. జీవితమంతా లెక్కలు చెప్పి రిటైరైన హెడ్మిస్ట్రెస్ ఆవిడ. ఒకరి మాట విని పడుకోవడం ఆవిడకి ఇదే మొదటిసారేమో. నెత్తిమీద ఈతకొట్టేవాళ్లు పెట్టుకునేలాంటి పల్చటి రబ్బరు టోపీ, దాని వైర్లన్నీ పక్కనున్న కంప్యూటర్లోకి. ఆ కంప్యూటర్ ముందు డాక్టర్ యర్రంశెట్టి హైమవతి గోళ్లు కొరుక్కుంటూ కూర్చుంది.

స్క్రీన్ మీద ఒకదాని తర్వాత ఒకటి గీతలు లేస్తున్నాయి. టీచరుగారు ఇంకా కాలు కింద పెట్టనే లేదు, బుర్రలో అప్పుడే సంత మొదలైపోయింది.

ఇది జరిగింది ఏ జపాన్లోనో అనుకునేరు. మా అమలాపురంలో, గడియారస్తంభం సెంటర్లో, బట్టల కొట్టు పైన రెండు గదుల్లో! నవ్వుకోండి, పర్లేదు. డ్రైవర్ లేని ఆటోలు మా ఊరికి అప్పటికే వచ్చేశాయి గానీ, మనిషి బుర్రని రిపేరు చేసే మెషిన్ మా హైమవతి చేస్తుందంటే మొదట మేమూ నవ్వాం.

మెషిన్ సంగతి తేలిగ్గా చెప్తాను. కంప్యూటర్ ఆన్ చేస్తాం. మనకి కావలసింది ఒక్క ఉత్తరం టైపు చేసుకోవడం. కానీ మనం అడక్కుండానే పదిరకాల ప్రోగ్రాములు వాటంతటవే లేచి వెనకాల తిరుగుతుంటాయి. ఒకటి అప్‌డేట్ వెతుకుతుంది, ఒకటి వాతావరణం చూస్తుంది, ఇంకొకటి ఎందుకుందో దానికే తెలీదు. మెషిన్ మూలుగుతుంది, మనం తిట్టుకుంటాం. తెలిసినవాళ్లైతే స్టార్టప్ లిస్టు తెరిచి, అక్కర్లేనివాటిని డిజేబుల్ చేస్తారు. అంతే, మళ్లీ గుర్రం. హైమవతి చదువుకునే రోజుల్లో ఊరందరి కంప్యూటర్లకీ ఈ పని చేసిపెట్టేది. అలా చేస్తూ చేస్తూ ఒకరోజు ఆ పిల్లకి అనిపించిందట: మనిషి కూడా పొద్దున్నే ఇలాగే ఆన్ అవుతాడు కదా అని. ఆ ఒక్క ఆలోచన పట్టుకుని పన్నెండేళ్లు కష్టపడి ఈ టోపీ చేసింది. దాని పేరు 'తొలిపొద్దు'.

"ఇప్పుడు లేవండి. ఇదిగో, మీ లిస్టు."

టీచరుగారు కళ్లజోడు పెట్టుకుని స్క్రీన్‌లోకి వంగారు. గీతలకి పేర్లు మెషిన్ పెట్టదు. ఏ గీత లేచినప్పుడు ఏం తోచిందో అడిగి హైమవతే పెడుతుంది. గ్యాస్ కట్టేశానా లేదా. మోకాలి నొప్పి. తోటికోడలు గృహప్రవేశంలో అన్న మాట. వీటన్నిటి మీదా పెద్ద ఎర్ర పట్టీ ఒకటి, మిగతావన్నీ కలిపినా దానిలో సగం ఉండవు.

"ఇదేంటే, ఇంత పొడుగుంది?"

"ఇది లేచినప్పుడు ఏమనిపించిందండీ?"

టీచరుగారు కళ్లజోడు సవరించుకున్నారు. "స్కూటీ గుర్తొచ్చింది. నేర్చుకోవాలని ఎప్పట్నుంచో కోరిక. ఈ వయసులో స్కూటీ ఏంటని నలుగురూ..."

హైమవతి టైపు చేసింది: నలుగురేమనుకుంటారో.

"ఇది నాకొక్కదానికేనా?"

"ఇంతవరకూ చూసినవాళ్లందరికీ ఉందండీ. అందరికీ ఇదే పెద్దది. ఆపెయ్యమంటారా?"

"తీసేస్తే మళ్లీ రాదా?" టీచరుగారి గొంతులో కొంచెం బెదురు.

"తీసెయ్యనండీ, అది లోపలే ఉంటుంది. పొద్దున్నే దానంతటది లేవదు, అంతే. కావాలంటే మీరే తెరుచుకోవచ్చు."

నొక్కింది. ఎర్ర పట్టీ బూడిదరంగులోకి మారింది. మర్నాడు టీచరుగారు షోరూముకి వెళ్లి నీలంరంగు స్కూటీ తెచ్చుకున్నారు. మొదటిరోజే కూరగాయల బండిని గుద్ది, లేచి, చీర దులుపుకుని, వంకాయలు ఏరిపెట్టి మళ్లీ ఎక్కారు. సెంటరంతా నోరెళ్లబెట్టి చూసింది. ఆవిడ మాత్రం ఎవరివైపూ చూడలేదు.

ఇక చూడండి! మేడమెట్ల మీద లైను. వకీళ్లు, పూజారులు, కాలేజీ పిల్లలు, కొత్త కోడళ్లు, వాళ్లని తీసుకొచ్చిన అత్తగార్లు. ఆరు నెలలు తిరిగేసరికి ఊళ్లో ఆ టోపీ పెట్టుకోని నెత్తి దొరకడం కష్టమైపోయింది. మా ఊరు ఎంత హాయిగా తయారైందంటే ఏం చెప్పమంటారు! రాత్రి హాయిగా నిద్ర, పొద్దున్నే తేలికైన బుర్ర. విందుకొచ్చినవాడు "కూర బాగాలేదండీ" అనేవాడు. "ఆయ్, నాకూ నచ్చలేదండీ" అని నవ్వేవాడు ఇంటాయన. బ్యాంకు మేనేజరుగారు చిన్నప్పటి కోరిక తీర్చుకుంటూ సాయంత్రాలు కాలవలో గాలం వేసుకుని కూర్చునేవారు. ఢిల్లీ నుంచి శాస్త్రవేత్తలొచ్చి చూసి ముక్కున వేలేసుకుని వెళ్లారు. మా అమలాపురం పేరు టీవీలో వస్తుంటే నా ఛాతీ ఎంత ఉబ్బిందో నాకే తెలుసు. నేను టోపీ పెట్టుకోలేదు లెండి. అది వేరే సంగతి.

ఇంకో మనిషి కూడా పెట్టుకోలేదు. ఎవరో చెప్పనా? హైమవతే.

దానికో కారణం ఉంది. పదో తరగతిలో ఓ పిల్ల బోర్డు మీద ఓ లెక్కని పుస్తకంలో లేని దారిలో చేసింది. త్రిపురసుందరి టీచరు చాలాసేపు బోర్డు వంక చూసి, ఒక టిక్కు పెట్టి, "కూర్చో" అన్నారు. అంతే. ఆ పిల్ల హైమవతి. ఆ రోజు రావలసిన 'శభాష్' రాలేదు. అది రావాలి, టీచరుగారి నోటే రావాలి, ఊరంతా వినాలి. ఈ పన్నెండేళ్లూ ఆ అమ్మాయిని నడిపించిన పెట్రోలు అదే. అందుకని ఊరి పెద్దలు టౌన్‌హాల్లో సన్మానం చేస్తామనగానే ఆనందంతో ఏడ్చేసింది. టీచరుగారి చేతే శాలువా కప్పించమని అడిగింది. "ఆ సన్మానం కాస్తా అవ్వనివ్వండి, తర్వాత నాదీ ఆపేసుకుంటాను" అని నాతో అంది.

సన్మానం రోజు సాయంత్రం హైమవతి ఆకుపచ్చ పట్టుచీర కట్టుకుని టౌన్‌హాలుకి వెళ్లింది. కుర్చీలన్నీ వేసి ఉన్నాయి. వేదిక మీద శాలువా, పూలదండ, పళ్ల బుట్ట. జనం లేరు. వర్షం కదా, ఆలస్యమవుతుందిలే అనుకుంది. చాలాసేపు గడిచాక సన్మాన సభ అధ్యక్షుడు గంధం వెంకట్రాజుగారు ఫోన్ చేశారు.

"అమ్మా హైమా, నేను రావట్లేదమ్మా."

"ఏమైందండీ? ఒంట్లో బాగాలేదా?"

"బ్రహ్మాండంగా ఉంది. ఇంట్లో పులస వండారు. పైన వర్షం. అక్కడికొచ్చి రెండు గంటలు ఉపన్యాసాలు వినాలనిపించట్లేదు. ఇదివరకైతే రాకపోతే ఏమనుకుంటారోనని వచ్చేవాణ్ని. నీ పుణ్యమా అని ఆ బాధ పోయింది తల్లీ. చల్లగా ఉండు!"

ఆయన మనస్ఫూర్తిగా దీవించారు. అదే ఆమెకి ఎక్కువ బాధేసింది. ఊరంతా ఇంతే. ఎవరికీ ఆమె మీద కోపం లేదు. అందరూ కృతజ్ఞతతో ఎవరింట్లో వాళ్లు హాయిగా ఉన్నారు. అన్ని కుర్చీల మధ్య ఆమె ఒక్కతే, 'ఇదెవరైనా చూస్తే ఏమనుకుంటారో' అని సిగ్గుతో చచ్చిపోతూ కూర్చుంది.

అప్పుడు బయట స్కూటీ ఆగిన చప్పుడైంది. హెల్మెట్ తీస్తూ, తడిసిన చీర పిండుకుంటూ త్రిపురసుందరి టీచరు లోపలికొచ్చారు.

"ఎవరూ రాలేదేమే?"

"లేదండీ. మీరొచ్చారుగా."

"నాకు రావాలనిపించింది, వచ్చాను. నీకో మాట చెప్పాలి." ఆవిడ ముందు వరస కుర్చీలో కూర్చుని ఆయాసం తీర్చుకున్నారు. "ఆ రోజు బోర్డు మీద నువ్వు లెక్క చేశావు చూడు, అది నాకు తట్టని దారే. ఇంటికెళ్లి మూడుసార్లు చేసి చూసుకున్నాను. ఇంత తెలివైన పిల్లకి పాఠం చెప్పానని ఎంత గర్వపడ్డానో! శభాష్ అందామనే అనుకున్నాను. ఒక పిల్లని పొగిడితే మిగతా పిల్లలేమనుకుంటారో, వాళ్ల తల్లిదండ్రులేమంటారోనని మింగేశాను. శభాష్ హైమా. అప్పటిదానికీ, ఇప్పటిదానికీ."

హైమవతి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నేళ్లు ఎదురుచూసిన మాట. ముఖస్తుతి కానే కాదు, టీచరుగారికి ఇప్పుడది చేతకాదు. తన మెషినే ఈ మాటని బయటికి తెచ్చింది. ఆనందం పొంగుకొచ్చింది. పొంగుతూ పొంగుతూ ఖాళీ కుర్చీల వైపు చూసి సగంలో ఆగిపోయింది.

"ఈ మాట నలుగురిలో అనుంటే ఎంత బాగుండేది టీచరుగారూ!"

"నలుగురా?" టీచరుగారు నిజంగానే అర్థంకాక చూశారు. "వాళ్లెందుకే?"

హైమవతి "అది మీ లోపలే ఉందండీ. ఒక్క నిమిషం తెరిచి చూడండి, మీకే తెలుస్తుంది," అని బతిమాలింది.

టీచరుగారు కళ్లు మూసుకుని వెతికారు. కాసేపటికి పెద్దగా నవ్వారు. "దొరికింది. ఓసి దీని దుంపతెగ, ఇంతేనా! దీనికా నేను ఇన్నాళ్లు భయపడింది!" అని, మళ్లీ మూసేసి లేచారు. "పద, వాన పెరుగుతోంది. ఇంటి దగ్గర దింపేస్తాను."

వెళ్తూ వెళ్తూ వేదిక మీది శాలువా అందుకున్నారు. కప్పుతారేమోనని హైమవతి నిటారుగా నిలబడింది. ఆవిడ బయటికెళ్లి, దాంతో స్కూటీ సీటు శుభ్రంగా తుడిచి, "ఎక్కు" అన్నారు.

ఇదంతా తర్వాత హైమవతే నాతో చెప్పింది. ఆ రోజు నేను ఊళ్లో లేను. కాకినాడలో ఎవరిదో పెళ్లి. వాళ్లెవరో నాకు సరిగ్గా తెలీదు కూడా. వెళ్లకపోతే ఏమనుకుంటారోనని వెళ్లాను.

పట్టుచీరలో, తడిసిన శాలువా ఒళ్లో పెట్టుకుని, వెనక సీటు మీద గడియారస్తంభం సెంటర్లోంచి వెళ్తుంటే హైమవతి దారి పొడుగునా పైట సవరించుకుంటూనే ఉందట. సెంటర్ నిండా జనమేనట. ఒక్కళ్లు కూడా తల తిప్పి చూడలేదట.