ఏడో దారిలో గేటు

“మాస్టారూ, ఆగండి! మీ చేతులు చూపించండి.”

మార్చి ముసురులో, చర్చి వెనక మలుపు దగ్గర, దారికి అడ్డంగా నిలబడి హెస్టర్ ఆ మాట అనేసరికి రోవన్ ఠక్కున నిలిచిపోయాడు. రొప్పు మాత్రం ఆగలేదు. చేతులు రెండూ తెలియకుండానే వీపు వెనక్కి వెళ్లాయి.

ఐదు నెలలైంది. ఆ ఆకుపచ్చ రంగు ఇంకా గోళ్ల సందుల్లో ఉందా?

“సిగ్గెందుకండీ? నేనేం ఉంగరం తొడగబోవడం లేదు.” ఆమె ఎడమచేత్తో అతని చెయ్యి లాక్కుని, గుర్రం పళ్లు చూసినట్టు తిరగేసి చూసింది. “సన్నగా ఉన్నాయి. సుద్దముక్క కన్నా బరువైంది ఎత్తినట్టు లేరు. సరిగ్గా ఇలాంటివే కావాలి.”

“దేనికి?”

“నా పడుచు గొర్రెలు ఈనబోతున్నాయి. తొలిచూలు, దారి ఇరుకు. నా కుడిచెయ్యి చూశారుగా, పిండికట్టులో ఉంది. శని, ఆదివారాలు వచ్చి సాయం చేస్తారా? టీ ఇస్తాను. కేకు మా అత్తయ్య చేసింది, ధైర్యముంటేనే తినండి.”

రెండేళ్లుగా ఆమె పొలం మీదుగానో పక్కగానో పరుగెత్తుతూ చెయ్యి ఊపడం, ఆమె దూరం నుంచి కర్ర ఎత్తడం, అంతే వాళ్ల పరిచయం. ఆమె ఒక్కసారి ఆపి పలకరిస్తే బాగుండునని రోవన్ ఎన్ని ఉదయాలు అనుకున్నాడో! ఇవాళ పలకరించింది. వెనక్కి తిరిగి పారిపోవాలనిపించింది.

నెదర్ కాంబ్ బడిలో పిల్లలకు పాఠాలు చెప్పే రోవన్, ఊరి పరుగు సంఘం కోసం చుట్టుపక్కల పన్నెండు దారులు గీసి, ఒక్కోదానికి ఒక్కో కార్డు అచ్చు వేయించాడు. వాటిలో ఏడో దారి అందాలది. ఆపిల్ తోట, వాగు మీద చెక్క వంతెన, తర్వాత మెల్లగా పైకి లేచే హెస్టర్ పచ్చిక. ఆ చివరి ముక్క ఆమె మంచితనం కొద్దీ నడవనిచ్చిన దారి. ప్రతి కార్డు అడుగునా రోవన్ పెట్టిన మాట ఒకటుంది: “తెరిచిన గేటు మూసి వెళ్లండి.”

అక్టోబరులో ఒక ఉదయం ఆ మాట రాసినవాడే గేటు మూయలేదు.

ఏడో దారిని నలభై నిమిషాల్లోపు ముగించాలని పంతం. గడియ తడిసి బిగుసుకుంది. దానంతటదే పడుతుందిలే అని వెనక్కి తోసి పరుగెత్తాడు. తిరిగొచ్చేసరికి పక్క పొలంలోని పొట్టేలు, హెస్టర్ ఈ ఏడు కట్టించకూడదనుకున్న లేత గొర్రెల మధ్య పెళ్లికొడుకులా తిరుగుతోంది. జతకట్టే రోజుల్లో పొట్టేలు రొమ్ముకు రంగు పూసి వదులుతారు, ఏ గొర్రెతో కలిసిందో దాని నడుమే చెబుతుంది. రోవన్ దాన్ని వాటేసుకుని, బురదలో దొర్లి, అవతలికి ఈడ్చి, గేటు మూసి పారిపోయాడు. తెల్ల బనియను నిండా ఆకుపచ్చ.

ఐదు గొర్రెల నడుం మీద కూడా ఆకుపచ్చే.

ఆ దారిన రోజూ కుక్కతో నడిచేది ముసలి ప్రోసర్ గారు. గేటు వదిలేసింది ఆయనే అనుకుని హెస్టర్ మర్నాడు పోస్టాఫీసు వరుసలో అందరి ముందూ ఆయన్ని కడిగేసింది. ఆయన టోపీ ఎత్తి, ఒక్క మాటా అనకుండా బయటికి నడిచాడు. రోవన్ అదే వరుసలో, ఆయన వెనకాలే, స్టాంపుల కోసం నిలబడి ఉన్నాడు. నోరు పెగల్లేదు. ఏడో దారిని హెస్టర్ ఆ రోజే మూసేసింది.

“వస్తాను,” అన్నాడు ఇప్పుడు, తన షూలకేసి చూస్తూ.

శనివారం కొట్టం పైకప్పు మీద వాన ఆగకుండా దరువు వేసింది.

“తొందరపడకండి. పందెం కాదిది,” అంది హెస్టర్, గడ్డిలో అతని పక్కనే మోకాళ్ల మీద కూర్చుని. “దానికి నొప్పి వచ్చినప్పుడే మీరు లాగాలి. ఆ... ఇప్పుడు!”

జారుడుగా, వెచ్చగా ఒక పిల్ల అతని ఒళ్లో పడి తుమ్మింది.

“తుమ్మింది!” అన్నాడు రోవన్, ప్రపంచంలో ఎవరూ ఇంతవరకూ తుమ్మనట్టు.

హెస్టర్ పకపకా నవ్వింది. ఆమె చెంప మీద గడ్డిపరక అంటుకుని ఉంది. తీయబోయి, తన చెయ్యి ఎలా ఉందో చూసుకుని ఆగిపోయాడు.

“మీరింత మంచివారని తెలిస్తే ముందే దారికాసేదాన్ని,” అంది ఆమె.

ఆ మాట తేనెటీగలా కుట్టింది. సంచిలో అడుగున ఆ బనియను ఉంది. చెప్పేద్దామనే తెచ్చాడు. చెప్పకుండానే ఇంటికి మోసుకెళ్లాడు.

ఆదివారం నాలుగో గొర్రె కవల పిల్లలను కన్నది. ఐదోదానికి దారి మరీ ఇరుకు. గంటసేపు పాట్లు పడితే గొర్రె బతికింది. పిల్ల ఊపిరి తీయలేదు. రోవన్ గడ్డితో రుద్దాడు, ఊదాడు, మళ్లీ రుద్దాడు.

“చాలు,” అంది హెస్టర్ మెల్లగా. పిల్ల మీద గోనెపట్టా కప్పింది. “ఒక్క గేటు. ఒక్క క్షణం పని. ఆ ప్రోసర్‌ని చచ్చేదాకా క్షమించను.”

రోవన్ లేచి చేతులు కడుక్కున్నాడు. సంచిలోంచి బనియను తీసి ఆమె ముందు గడ్డి మీద పరిచాడు.

“ప్రోసర్ గారు కాదు. నేను.”

ఆమె ఆ ఆకుపచ్చ మరకను వేలితో తాకి చూసింది.

“ఆ రోజు పోస్టాఫీసులో నువ్వున్నావు.”

మీరు నుంచి నువ్వుకు రావాలని అతను కోరుకున్న మాట నిజమే. ఇలా కాదు.

“ఉన్నాను.”

“నేనాయన్ని అన్నన్ని మాటలంటుంటే వింటూ నిలబడ్డావు.”

“నిలబడ్డాను.”

“బయటికి నడు. ఇప్పుడే ఆయన దగ్గరికి వెళ్లు. నాకు కాదు నువ్వు ముందు చెప్పాల్సింది.”

ప్రోసర్ తలుపు తీసి, వానలో ముద్దయిన మాస్టారిని, అతని చేతిలోని బనియనును చూసి తల పంకించాడు.

“వచ్చావా అబ్బాయ్. గొర్రె ఈనడానికి ఐదు నెలలు పడుతుంది. నిజం బయటికి రావడానికి నీకూ అంతే పట్టింది.”

“మీకు... తెలుసా?”

“గుట్ట మీద నుంచి చూశాను. పొట్టేలుతో నీ కుస్తీ! మా ఆవిడ ఉండుంటే టిక్కెట్టు కొని చూసేది.”

“మరి ఎందుకు చెప్పలేదండీ?”

“నేను చెబితే చాడీ అవుతుంది. నువ్వు చెబితే నిజాయితీ అనుకున్నాను. కాస్త ఆలస్యం చేశావు, అంతే.” ఆయన గొంతు తగ్గింది. “దారి మూసేశాక నడవాల్సొచ్చిన ఆ రోడ్డు మాత్రం నచ్చలేదురా. కార్లు మీదికొస్తుంటే మా మేజర్ బెదురుతుంది.”

మేజర్ అనే ఆ కుక్క తన పేరు విని తోక ఆడించింది. రోవన్‌కు ఆ తోక వైపు కూడా చూడడానికి మొహం చెల్లలేదు.

ట్రాక్టరు చప్పుడయింది. హెస్టర్ దిగి గుమ్మంలోకి వచ్చింది. తలకు ఏమీ లేదు, జుట్టులోంచి నీళ్లు కారుతున్నాయి.

“ప్రోసర్ గారూ, నేను మిమ్మల్ని...” అంటూ తల దించుకుంది. ఆమె తల దించడం ఊళ్లో ఎవరూ చూడలేదు.

“ఇద్దరూ తల దించుకుంటే నేనెవరితో మాట్లాడను?” అన్నాడు ప్రోసర్. “లోపలికి రండి. టీ పెడతాను. కేకు కూడా ఉంది.”

“ఎవరు చేశారు?” అన్నారు ఇద్దరూ ఒకేసారి.

“కొన్నది.”

ఎవరూ నవ్వలేదు కానీ, గది కాస్త తేలికపడింది.

వెళ్లేముందు హెస్టర్ రోవన్ మొహంలోకి చూడకుండానే తీర్పు చెప్పింది. “రేపట్నుంచి ఆ దారి ఆయనది. నువ్వు రోజూ పొద్దున్నే వచ్చి ఆయనకు గేటు తెరవాలి, మూయాలి. ఆయన నడకే నీ నడక. గొర్రెల బొచ్చు కత్తిరించే రోజులదాకా. ఆ బనియను ఇలా ఇవ్వు.”

మర్నాటికి అది గేటుకు మేకులతో బిగించి ఉంది. సంఘం పేరు, దాని కింద ఆకుపచ్చ మరక, దాని కింద హెస్టర్ రాత: “ఇదిగో, ఇందుకే మూయండి.” బడిపిల్లలు సైతం వచ్చి చూసిపోయారు. రోవన్ చెవులు వారంపాటు ఎర్రగానే ఉన్నాయి. అయినా ఒక్క పొద్దూ మానలేదు. నలభై నిమిషాల దారి గంటన్నర పట్టేది. హాథార్న్ ముళ్లపొదలు పూయడం, గొర్రెపిల్లలు గట్టెక్కి దూకడం ఆ గంటన్నరలోనే చూశాడు. తుమ్మిన పిల్ల ఇప్పుడు వాటిలోకెల్లా కొంటెది. హెస్టర్ మొదట కర్ర ఎత్తేది కాదు. ఏప్రిల్ చివర్లో ఎత్తింది. మేలో రెండు కప్పుల టీ తెచ్చింది, ఒకటి ప్రోసర్‌కు, ఒకటి మేజర్ మూతి పెట్టేలోపు అందుకొమ్మని అతనికి.

జూన్‌లో బొచ్చు కత్తిరింపు అయిపోయింది. ఆ పొద్దున ప్రోసర్ “మోకాలు నొప్పి” అని దారి మధ్యలోనే వెనుదిరిగాడు. ఆయన ఈల వేసుకుంటూ హుషారుగా వెళ్లడం రోవన్ చూశాడు.

గేటు సగం తెరిచి లోపల హెస్టర్ నిలబడి ఉంది. చేతికి పిండికట్టు లేదు.

“శిక్ష అయిపోయింది, మాస్టారూ. ఇక నీ ఇష్టం. పరుగెత్తుతావా?”

“ఇప్పుడు నాకు పరుగు మీద మనసు లేదు.” రోవన్ గేటు మీద చెయ్యి వేశాడు. “హెస్టర్, నీకు ముఖం చూపించే అర్హత...”

“అదంతా బనియను మీద రాసుంది, రోజూ చదువుతూనే ఉన్నాను.” ఆమె చెంపలు ఎర్రబడ్డాయి. “నేనడిగేది ఒకటే. వెళ్తున్నావా, ఉంటున్నావా? త్వరగా తేల్చు, గొర్రెలు చూస్తున్నాయి.”

రోవన్ లోపలికి వచ్చాడు. వెనక్కి తిరిగి గేటు దగ్గరికి లాగి, గడియ వేసి, పడిందో లేదో రెండుసార్లు ఊపి చూశాడు. అప్పుడే ఆమె చెయ్యి పట్టుకున్నాడు.